అంతరించిన డెవోనియన్ పగడాలు: వర్గీకరణ, పుట్టుపూర్వోత్తరాలు

పగడమనగానే మనకు నవరత్నాలలో ఒకటైన ఎర్రని పూస స్ఫురించడం సహజం. సంస్కృతంలో దీనిని ప్రవాళమనీ, విద్రుమమనీ అన్నారు. ఉర్దూలో మూంగా అనీ, అరబ్బీ నుండి వచ్చిన మాటతో మర్జాన్ అనీ వ్యవహరిస్తారు. విద్రుమ శబ్దంలో చెట్టు అనే అర్థం గల ద్రుమ పదం ఇమిడి ఉన్నది. కొమ్మలు చాచి నీటి అడుగున నిలిచే ఈ వస్తువును పూర్వులు చెట్టుతో పోల్చుకొన్నారని ఆ మాటే సాక్ష్యమిస్తున్నది.

పాశ్చాత్య పండితులు సైతం చాలాకాలం ఇట్లే తలచారు. 1706లో ఇటలీ దేశస్థుడైన మార్సీలీ సముద్రపు నీటిలో ఉంచిన పగడపు కొమ్మపై తెల్లని పూవుల వంటివి విచ్చుకొనడం చూచి, పగడం మొక్కయే అని నిశ్చయించాడు. ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు పేసోనెల్ 1720 దశకంలో మార్సేల్స్ తీరంలోనూ, ఉత్తరాఫ్రికా తీరంలోనూ పరిశీలనలు జరిపి, ఆ పూవులు పూవులు కావనీ, ముట్టుకొంటే ముడుచుకొనే ప్రాణులనీ గ్రహించాడు. ఈ సంగతిని 1727లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తుకు నివేదించిన రేయోమూర్, అంత విపరీతమైన అభిప్రాయం వెలిబుచ్చిన వాని పరువు పోకూడదని కాబోలు, పేసోనెల్ పేరు చెప్పలేదు. 1740 దశకంలో ట్రాంబ్లే హైడ్రాపై జరిపిన ప్రయోగాలు వెలువడిన తరువాతనే పండితలోకం పగడాన్ని జంతువుగా అంగీకరించింది.

ఒక వస్తువును ఏ వర్గంలో చేర్చాలన్న ప్రశ్న, పైకి చూస్తే, అల్మారాలో పుస్తకాలు సర్దడం వంటిది. నిజానికి అది ఆ వస్తువు ఎక్కడ నుండి వచ్చిందో, దాని చుట్టాలెవరో తేల్చే విచారణ. ఆ విచారణలో కంటికి కనబడే పోలిక ఎంత సహాయపడుతుందో, ఎంత దారి తప్పిస్తుందో తెలుసుకొనడానికి డెవోనియన్ యుగపు పగడాలకు మించిన పాఠం అరుదు. నేటి సముద్రాలలోని పగడాలకు ఇవి తాతముత్తాతలా, లేక రూపంలో మాత్రమే పోలిక గల పరాయివా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఏ మార్గాన సమాధానం వెదికారో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పగడాలు పెట్టిన పేరు

భూమి చరిత్రలో సుమారు 41.9 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 35.9 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసిన కాలాన్ని డెవోనియన్ యుగం అంటారు. దీనికి ముందున్నది సైలూరియన్ యుగం. తరువాతది బొగ్గుపొరలకు ప్రసిద్ధి చెందిన కార్బానిఫెరస్ యుగం. ఇంగ్లండులోని డెవన్ మండలం పేరిట ఈ యుగానికి నామకరణం జరిగింది. ఆ నామకరణానికి ఆధారంగా నిలిచినవాటిలో పగడాలకు ప్రధాన స్థానం ఉన్నది.

1834లో డెవన్ శిలల వయస్సును గురించి డిలాబీష్, మర్చిసన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుల మధ్య తీవ్రమైన వివాదం చెలరేగింది. అవి చాలా పాతవని ఒకరు, వానిలో కొన్ని బొగ్గుకాలానివని మరొకరు వాదించారు. లండను భూగర్భ శాస్త్ర సంఘంలో గ్రంథాలకూ శిలాజాలకూ సంరక్షకుడుగా ఉన్న విలియం లాన్స్‌డేల్ ఈ చిక్కుముడిని విప్పాడు. ఆయన పూర్వాశ్రమంలో సైనికుడు; వాటర్లూ యుద్ధంలో పాల్గొన్నవాడు. దక్షిణ డెవన్‌లోని సున్నపురాళ్ళ నుండి సేకరించిన శిలాజాలను, ముఖ్యంగా పగడాలను పరిశీలించి, వానిలో కొన్ని సైలూరియన్ జాతులను, కొన్ని కార్బానిఫెరస్ జాతులను పోలి ఉన్నట్లు 1837లో గుర్తించాడు. అట్లయిన ఆ సున్నపురాళ్ళు రెంటికీ నడుమ కాలానివి కావలెనని ఊహించాడు. ఆ సూచనను అంగీకరించి 1839లో సెడ్జ్‌విక్, మర్చిసన్ పండితులు ఈ మధ్యకాలానికి డెవోనియన్ అని పేరు పెట్టారు.

మన రాష్ట్రాలలో ఇవి దొరకవా అని విద్యార్థులు అడగవచ్చు. కడప శిలాసమూహంలోని వేంపల్లె సున్నపురాళ్ళు వందకోట్ల సంవత్సరాలకు పైబడినవి. అప్పటికి పగడాలు పుట్టనే లేదు. గోదావరి లోయలోని బొగ్గుపొరలు డెవోనియన్ యుగం గడచిన తరువాతవి. పైగా అవి సముద్రంలో ఏర్పడినవి కావు. ఈ రెంటికీ నడుమ మన నేలలో రాతిపుటలు చాలా వరకు లేవు. అందువల్ల ఈ కథ కోసం మనం ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల వైపు చూడవలసి వస్తుంది.

పగడపు ఇల్లు

పగడజీవి దేహం మెత్తని సంచి వంటిది. సంచి పైభాగాన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు ఉంటాయి. దీనిని పాలిప్ అంటారు. జెల్లీచేపలు, హైడ్రాలు చేరిన నిడేరియా వర్గానికే ఇది కూడా చెందుతుంది. పూర్వపు పాఠ్యగ్రంథాలలో ఈ వర్గాన్ని సీలెంటిరేటాలో భాగంగా చదివేవారు. ఈ వర్గంలో పగడాలు, సముద్ర అనిమోన్లు ఉండే విభాగం పేరు ఆంథోజోవా. గ్రీకు భాషలో దీనికి పుష్పజీవులు అని అర్థం. ఆభరణాలలో వాడే ఎర్ర పగడం కూడా ఈ విభాగంలోనిదే గాని, ఎనిమిది స్పర్శకాలు గల వేరొక శాఖకు చెందినది. ప్రవాళ భిత్తికలను నిర్మించే రాతిపగడాలకు అది దూరపు బంధువు మాత్రమే.

మెత్తని పాలిప్ శిలాజంగా మారడం బహు అరుదు. అది తన అడుగున స్రవించి కట్టుకొన్న సున్నపు గిన్నె మాత్రం రాతిలో నిలుస్తుంది. ఇల్లు చూచి యజమాని వంశం చెప్పవలసిన పరిస్థితి శాస్త్రజ్ఞునిది. ఆ ఇంటిలో ప్రధానంగా మూడు భాగాలను గమనించాలి. మొదటిది బయటి గోడ. రెండవది గోడ నుండి నడిమికి చొచ్చుకొనివచ్చే నిలువు పలకలు. నారింజ తొనల మధ్య పొరల వలె ఇవి గిన్నెను విభజిస్తాయి. మూడవది అడ్డు పలకలు. పాలిప్ పైకి పెరిగే కొద్దీ పాత గదిని విడిచి, కాళ్ళ క్రింద కొత్త అరుగు వేసుకొన్నట్లు ఈ పలకలను ఒకదానిపై ఒకటి కట్టుకొంటూ పోతుంది.

ఒక్క పాలిప్ ఒంటరిగా కట్టిన ఇల్లు కొమ్ము ఆకారంలో ఉంటే ఏకాంత పగడమంటారు. అనేక పాలిప్‌లు గోడకు గోడ ఆనించి కట్టుకొన్నది సామూహిక పగడం. ఒంటరితనం, సామూహికత వంశాన్ని నిర్ణయించవు. ఒకే వంశంలో రెండు విధాలవీ ఉంటాయి.

రెండు ప్రాచీన క్రమాలు

1850లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మిల్న్ ఎడ్వర్డ్స్, జూల్స్ హైమ్ ప్రాచీన పగడాలను రుగోజా, టాబ్యులేటా అనే రెండు సమూహాలుగా విభజించారు. ఆ విభజన నేటికీ నిలిచి ఉన్నది. ఈ రెంటిపై అప్పటివరకు లభించిన జ్ఞానాన్ని క్రోడీకరించి 1981లో రెండు సంపుటాలు వెలువరించిన విదుషీమణి ఆస్ట్రేలియాకు చెందిన డొరొతీ హిల్. ఆమె 1959లో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలలో ఆచార్య పదవి పొందిన ప్రథమ మహిళ. 1970లో ఆ దేశపు విజ్ఞాన పరిషత్తుకు అధ్యక్షత వహించిన ప్రథమ మహిళ. మన విద్యార్థినులు గుర్తుంచుకొనదగిన పేరు ఇది.

రుగోజా అనే పేరు ముడతలు పడినది అనే అర్థం గల లాటిన్ మాట నుండి వచ్చింది. వీని బయటి గోడపై అడ్డంగా ముడతలు కనబడతాయి. నిలువు పలకలు స్పష్టంగా, బలంగా ఉంటాయి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో సమృద్ధిగా దొరికే హీలియోఫిల్లం ఏకాంత రుగోజాకు చక్కని ఉదాహరణ. ఆ పేరుకు సూర్యపత్రమని అర్థం చెప్పవచ్చు. గిన్నెలో పలకలు సూర్యకిరణాల వలె నలుదిక్కులకు పరచుకొని ఉంటాయి. సామూహిక రుగోజాకు హెక్సగొనేరియా ఉదాహరణ. షట్కోణపు గదులు గల ఈ శిలాజాన్ని నునుపు చేసి మిషిగన్ రాష్ట్రంలో పెటోస్కీ రాయి అని పిలుస్తారు. 1965లో ఆ రాష్ట్రం దీనిని తన అధికార శిలగా ప్రకటించింది.

టాబ్యులేటా అనే పేరు పలక అనే అర్థం గల మాట నుండి పుట్టింది. వీనిలో అడ్డు పలకలు ప్రస్ఫుటం. నిలువు పలకలు చిన్న ముళ్ళ వలె ఉంటాయి, లేదా ఉండనే ఉండవు. ఇవన్నీ సామూహికాలే, గదులు సాధారణంగా మిక్కిలి చిన్నవి. తేనెపట్టును పోలిన ఫావొసైటీస్ ఇందులో సుప్రసిద్ధం. దాని గదుల గోడలలో చిన్న చిన్న రంధ్రాలు ఉండి, ఇరుగుపొరుగు పాలిప్‌లను కలిపేవి. గొలుసు వలె గదులు పేర్చుకొనే హాలీసైటీస్ సైలూరియన్ యుగంతోనే అంతరించింది. కనుక ఒక సున్నపురాతిలో గొలుసు పగడం కనబడితే అది డెవోనియన్ కాలానిది కాదని చెప్పవచ్చును.

డెవోనియన్ సముద్రాలలోని మహాభిత్తికలను నిర్మించిన కీర్తి మొత్తం ఈ పగడాలకే చెందదు. స్ట్రొమాటొపొరాయిడ్లు అనే సున్నపు స్పంజికలు ప్రధాన నిర్మాతలు. పగడాలు వానికి తోడు నిలిచాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కేనింగ్ ప్రాంతంలో ఆ భిత్తికలు ఈనాటికీ కొండల వరుసగా నిలిచి ఉన్నాయి. కెనడాలోని అల్బర్టాలో భూమిలో పూడిపోయిన అట్టి భిత్తికలలో 1947లో లెడూక్ వద్ద ముడిచమురు పడింది.

రాతిలో పంచాంగం

ఈ ఇళ్ళ గోడలపై మరొక లెక్క కూడా వ్రాసి ఉన్నది. పగడం రోజుకొక సన్నని పొర చొప్పున పెరుగుతుందనీ, సంవత్సరానికొక పెద్ద పట్టీ ఏర్పడుతుందనీ గ్రహించిన కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ వెల్స్ ఆ సన్నగీతలను లెక్కించాడు. నేటి పగడంలో సంవత్సరానికి సుమారు 360 గీతలు ఉండగా, మధ్య డెవోనియన్ పగడాలలో సుమారు 400 ఉన్నట్లు 1963లో ప్రకటించాడు. భూమి సూర్యుని చుట్టి వచ్చే కాలం మారలేదు కనుక, 8,766 గంటల సంవత్సరాన్ని 400 రోజులకు పంచితే రోజుకు 22 గంటల కంటే కొంచెం తక్కువే వస్తుంది. సముద్రపు పోటుపాట్ల రాపిడివల్ల భూభ్రమణం క్రమంగా మందగిస్తున్నదని ఖగోళ శాస్త్రజ్ఞులు గణితంతో చెప్పిన మాటకు పగడం రాతిసాక్ష్యం పలికింది. 1964లో స్క్రటన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ గీతలలో సుమారు 30 రోజులకొక గుంపు ఉన్నట్లు చూపి, ఆనాటి సంవత్సరంలో 13 చాంద్రమాసాలు ఉండేవని ఊహించాడు.

పోలిక మోసగించిన సందర్భాలు

ఇంత నమ్మకంగా కాలాన్ని లెక్కచెప్పిన ఇల్లు, యజమాని ఎవరన్న ప్రశ్నకు మాత్రం అంత సులభంగా బదులు చెప్పలేదు. రెండు ఉదాహరణలు చూద్దాం.

జర్మనీలోని ఐఫెల్ ప్రాంతంలో దొరికే కాల్సియోలా అనే శిలాజం చెప్పు ముందుభాగం ఆకారంలో ఉంటుంది. దాని నోటికి అర్ధచంద్రాకారపు మూత ఉన్నది. లిన్నేయస్ 1771లో దీనిని ఆల్చిప్పల వంటి జీవులతో చేర్చాడు. రెండు చిప్పల జీవులకే గదా మూత ఉండేది! దరిదాపు వంద సంవత్సరాలు అది చిప్పజీవిగానే చెలామణి అయింది. 1860 దశకంలో స్వీడన్‌కు చెందిన లిండ్‌స్ట్రోం మూతలు గల పగడాలు మరికొన్ని ఉన్నట్లు చూపి, కాల్సియోలాను రుగోజాలో చేర్చాడు. లోపలి పలకల అమరిక దాని వంశాన్ని చెప్పింది. పైనున్న మూత దారి తప్పించింది.

రెండవది ఫావొసైటీస్. 1960 దశకం నుండి సముద్రగుహలలో సున్నపు కట్టడం గల సజీవ స్పంజికలు కనబడసాగాయి. వాని అడ్డు పలకలు, చిన్నచిన్న గదులు టాబ్యులేటాను మిక్కిలి పోలి ఉండుటచే, టాబ్యులేటా పగడాలే కావు, స్పంజికలు అని కొందరు వాదించారు. 1984లో పోలండు శాస్త్రజ్ఞుడొకరు ఫావొసైటీస్ వర్గంలో స్పంజికలకు ఉండే సూక్ష్మకంటకాలను గుర్తించినట్లు ప్రకటించాడు. మరుసటి సంవత్సరమే కెనడాకు చెందిన పాల్ కాపర్, ఆంటికోస్టి ద్వీపపు సైలూరియన్ శిలలలోని ఫావొసైటీస్ గదులలో పాలిప్‌లే సున్నంగా మారి నిలిచిపోయిన అరుదైన నమూనాలను ప్రకటించాడు. ఇంటిలో యజమానియే కనబడిన తరువాత వాదం బలహీనపడింది. నేడు అధిక సంఖ్యాకులు టాబ్యులేటాను పగడాలుగానే అంగీకరిస్తున్నారు.

ఆద్యులు ఎవరు?

టాబ్యులేటా ఆర్డోవిషియన్ యుగపు పూర్వభాగంలో, రుగోజా అదే యుగపు మధ్యభాగం నుండి కనబడతాయి. అనగా డెవోనియన్ యుగం ఆరంభానికి నాలుగున్నర కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఈ రెండు వంశాలూ వేరుగా ఉన్నాయి. అంతకు ముందరి కేంబ్రియన్ శిలలలో కూడా పగడం వంటి కట్టడాలు కొన్ని ఆస్ట్రేలియాలో దొరికాయి. అవి తరువాతి పగడాలకు పూర్వీకులని నిరూపించే మధ్యరూపాల వరుస మాత్రం లేదు.

రుగోజా టాబ్యులేటా నుండి పుట్టిందని కొందరి మతం. రెండూ వేర్వేరుగా, అస్థి లేని అనిమోన్ వంటి మెత్తని జీవుల నుండి పుట్టాయని మరికొందరి మతం. మెత్తని జీవి రాతిలో నిలువదు. ఆదిపురుషుని చిత్తరువు లేని వంశవృక్షం వలె ఇక్కడ మొదటి గడి ఖాళీగా ఉన్నది. అందుచేత పండితులు ఉన్న సాక్ష్యాలలో ఏది గట్టిది, ఏది మెత్తనిది అని తూకం వేస్తున్నారు.

నేటి పగడాలు వీని వారసులా?

నేటి రాతిపగడాల క్రమాన్ని స్క్లెరాక్టీనియా అంటారు. రుగోజాను చూచినవారికి ఇవి దాని సంతానమేనని తోచడం సహజం. అదే గిన్నె, అవే నిలువు పలకలు, అవే ఏకాంత, సామూహిక రూపాలు! దీర్ఘకాలం పలువురు పండితులు అట్లే నమ్మారు. ఈ నమ్మకానికి మూడు ఆటంకాలు ఎదురయ్యాయి.

మొదటిది పలకలు మొలిచే క్రమం. 1869లో కుంట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రుగోజాలో పలకల పుట్టుక క్రమాన్ని సూత్రీకరించాడు. మొదట ఆరు ఆదిపలకలు ఏర్పడతాయి. ఆపై కొత్త పలకలు ఆరు ఖాళీలలోనూ మొలవవు. నాలుగింటిలో మాత్రమే, ఒకదాని వెనుక ఒకటిగా మొలుస్తాయి. అందుకే వీనిని చతుష్క పగడాలని కూడా అన్నారు. స్క్లెరాక్టీనియాలో ఆరు పలకల తరువాత, ఆరు ఖాళీలలోనూ సమంగా మరి ఆరు, ఆపై పన్నెండు, ఆపై ఇరువదినాలుగు వలయాలుగా వస్తాయి. పెరిగిన గిన్నెలు చూపునకు ఒకటిగా ఉండవచ్చు. పెరిగిన మార్గం వేరు.

రెండవది కట్టడపు పదార్థం. రుగోజా ఇల్లు కాల్సైట్ అనే ఖనిజంతో కట్టబడింది. స్క్లెరాక్టీనియా ఇల్లు ఆరగొనైట్‌తో కట్టబడుతుంది. రెండూ కాల్షియం కార్బొనేటే అయినా స్ఫటిక నిర్మాణం వేరు.

మూడవది కాలవ్యవధి. రుగోజా, టాబ్యులేటా రెండూ 25.2 కోట్ల సంవత్సరాల క్రితం పెర్మియన్ యుగాంతపు మహావినాశనంలో పూర్తిగా తుడిచిపెట్టుకొనిపోయాయి. స్క్లెరాక్టీనియా శిలాజాలు ట్రయాసిక్ యుగపు మధ్యభాగంలో, సుమారు 24 కోట్ల సంవత్సరాల క్రితం ప్రత్యక్షమవుతాయి. నడుమ కోటి సంవత్సరాలకు పైగా ఏ రాతిపగడపు జాడా లేదు.

ఈ సాక్ష్యాలనుబట్టి, నేటి పగడాలు రుగోజా సంతతి కావనీ, అస్థి లేని అనిమోన్ వంటి జీవుల నుండి స్వతంత్రంగా సున్నపు ఇల్లు కట్టుకొనడం నేర్చాయనీ అధికుల అభిప్రాయం. 1991లో స్కాట్లండు ఆర్డోవిషియన్ శిలల నుండి కిల్బుకోఫిల్లియా అనే విచిత్ర పగడాన్ని స్క్రటన్, క్లార్క్‌సన్ వర్ణించారు. దాని పలకలు నేటి పగడాల పద్ధతిలోనే మొలిచాయి. అనగా ఆ పద్ధతి గల మెత్తని జీవులు ఆనాటికే ఉండి, ఒకమారు ఇల్లు కట్టి మానుకొని ఉండవచ్చును. 2011లో సజీవ పగడాల జన్యుపదార్థాన్ని పోల్చి చేసిన పరిశోధన కూడా స్క్లెరాక్టీనియా వంశమూలం పురాజీవ మహాయుగంలోనే ఉన్నదని సూచించింది. ఆ లెక్కన డెవోనియన్ సముద్రంలో రుగోజా వైభవంగా వెలుగుతున్ననాడు, నేటి పగడాల పూర్వీకులు ఇల్లూ వాకిలీ లేక, శిలలో గుర్తు మిగల్చక, ఆ చుట్టుపక్కలనే జీవించి ఉండాలి.

ఇది భాషా విద్యార్థులకు కొత్త సంగతి కాదు. తెలుగులో సంస్కృత పదాలు కోకొల్లలు కనుక తెలుగు సంస్కృతజన్యమని ఎందరో నమ్మారు. 1816లో ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో, ధాతువులను, మూలపదాలను పరిశీలించి తెలుగు, తమిళ, కన్నడాలు ఒక ప్రత్యేక కుటుంబమని నిరూపించాడు. అట్లే ఉర్దూను వ్రాసే లిపి అరబ్బీ, పారసీల నుండి వచ్చింది. పదజాలంలోనూ ఆ భాషల పాలు హెచ్చు. అయినా క్రియారూపాలనూ, వాక్య నిర్మాణాన్నీ పరిశీలిస్తే ఉర్దూ ఇండో ఆర్య కుటుంబానికి చెందినదని స్పష్టమవుతుంది. లిపి, పదజాలం ఎరువు తెచ్చుకోవచ్చు. భాష పెరిగిన తీరు ఎరువు దొరకదు. పగడాలలో గిన్నె ఆకారం లిపి వంటిది. పలకలు మొలిచే క్రమం వ్యాకరణం వంటిది. భాషలు ఒకదాని నుండి మరొకటి అరువు తెచ్చుకొంటాయి. పగడాలు అట్లు అరువు తెచ్చుకొనలేదు. ఒకే విధమైన సముద్రంలో ఒకే విధమైన అవసరం రెండు వంశాలకు ఒకే విధమైన ఇంటిని నేర్పింది. ఉపమానానికి ఆ హద్దు తప్పదు.

వినాశనం చెప్పే పాఠం

డెవోనియన్ యుగాంతం రాకమునుపే, సుమారు 37.2 కోట్ల సంవత్సరాల క్రితం, ఆ పగడాల వైభవానికి గొడ్డలిపెట్టు తగిలింది. జర్మనీలోని కెల్‌వాసర్ లోయలో ఈ విపత్తును సూచించే నల్లని పొరలు ఉన్నాయి. సముద్రజలాలలో ప్రాణవాయువు క్షీణించినదని ఆ నలుపు చెబుతున్నది. లోతు తక్కువ జలాలలోని రుగోజా జాతులలో అత్యధికం నశించాయి; లోతు జలాలలోనివి కొంత మేలుగా బ్రతికాయి. రుగోజా వంశం కార్బానిఫెరస్ యుగంలో మరల కోలుకొన్నది గాని, డెవోనియన్ మహాభిత్తికల వంటి కట్టడాలు భూమిపై మళ్ళీ వెలయడానికి యుగాలు పట్టింది.

ఇటీవలి పరిశోధన ఒకటి ఈ గాథను మనకు మరింత చేరువ చేసింది. నేటి భిత్తిక పగడాల దేహంలో సూక్ష్మశైవలాలు నివసించి, సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పగడానికి పంచుతాయి. డెవోనియన్ పగడాలకు ఈ స్నేహం ఉండేదా అన్నది చిరకాల సందేహం. జర్మనీలోని మైన్జ్ నగరంలో ఉన్న మాక్స్ ప్లాంక్ రసాయన శాస్త్ర సంస్థ పరిశోధకులు మధ్య డెవోనియన్ పగడాల కట్టడంలో చిక్కుకొన్న సేంద్రియ పదార్థపు నైట్రోజన్ ఐసోటోపులను కొలిచి, టాబ్యులేటాలో కొన్నింటికి, సామూహిక రుగోజాలో కొన్నింటికి అట్టి సహజీవనం ఉండేదని 2024లో ప్రకటించారు. వంశాలు వేరైనా జీవనోపాయం ఒకటే అయిందన్నమాట.

అదే 2024 ఏప్రిల్‌లో, వేడెక్కిన సముద్రజలాలవల్ల ప్రపంచవ్యాప్తంగా పగడాలు ఆ శైవలాలను కోల్పోయి తెల్లబారుతున్నాయని అమెరికా సముద్ర వాతావరణ సంస్థ ప్రకటించింది. ఇట్టి ప్రపంచవ్యాప్త విపత్తు నమోదు కావడం అది నాలుగవసారి. మన దేశంలో లక్షద్వీపాలు, మన్నారు సింధుశాఖ, అండమాన్ దీవుల పగడాలు ఈ ముప్పుకు దూరంగా లేవు.

పగడాలు పోతే మరల పుడతాయిలే అని తేలికగా అనేవారికి డెవోనియన్ పగడాలు బదులు చెబుతున్నాయి. రుగోజా మరల పుట్టలేదు. దాని స్థానాన్ని మరొక వంశం ఆక్రమించడానికి కోటి సంవత్సరాలకు పైగా పట్టింది. ఇల్లు పాతదానిని పోలి ఉన్నది. అందులో ఉన్నవారు వేరు. మానవజాతి వయస్సంతా కలిపినా ఆ నిరీక్షణలో చిన్న తునక మాత్రమే.

ఇక విద్యార్థులకు ఒక్క మాట. పరీక్షల కోసం రుగోజా, టాబ్యులేటా, స్క్లెరాక్టీనియా అని మూడు పేర్లు వల్లెవేయడం కష్టం కాదు. ఒక్కొక్క పేరు వెనుక ఎవరు ఏమి చూచారు, ఏ పోలికను నమ్మారు, ఏ సాక్ష్యం ముందు తమ అభిప్రాయాన్ని మార్చుకొన్నారు అని అడిగినప్పుడే ఆ పేర్లకు ప్రాణం వస్తుంది. రాయి గురించి అయినా, మాట గురించి అయినా, మనిషి గురించి అయినా, పై రూపం చూచి వంశం నిర్ణయించే తొందరపాటు మనకు తగదు. అది ఎట్లు పెరిగినదో ఓపికతో విచారించిన తరువాతనే తీర్పు చెప్పడం విద్యావంతుల లక్షణం.